ప్రసవ విద్య: తల్లికి తెలియవలసినది, తల్లికి దక్కవలసినది

(దొరవారిసత్రంలో జరిగిన మహిళా సదస్సులో ఒక విశ్రాంత ప్రసూతి నర్సు చేసిన ప్రసంగ పాఠం)



నేడు నాకు అప్పగించిన విషయం సభలలో సాధారణంగా ఎవరూ మాట్లాడనిది. కాన్పు సమయంలో స్త్రీ ఎట్లా ముక్కాలి, ఎప్పుడు ముక్కాలి, ఎప్పుడు ముక్కకూడదు అన్నదే ఆ విషయం. 'ముక్కడం' అన్న మాట వినగానే ముందు వరుసలో కొందరు చెల్లెళ్లు తలలు వంచుకున్నారు. సిగ్గుపడవలసిన మాట కాదమ్మా ఇది. ఈ సభలో కూర్చున్న ప్రతి మనిషీ ఒక తల్లి ముక్కితే ఈ లోకానికి వచ్చినవారే. ప్రసూతి గదిలో తెలుగువారు "ముక్కమ్మా, ముక్కు" అంటారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు "జోర్ లగావ్" అంటారు. ఏ భాషలో అన్నా అది ఆజ్ఞగానే వినబడుతుంది. ఆ ఆజ్ఞను ఎట్లా పాటించాలో ఆ పిల్లకు అంతకు ముందు ఎవరూ నేర్పి ఉండరు. నేర్పని పాఠంలో పరీక్ష పెట్టి, తప్పిందని కసురుకోవడం న్యాయమా? ఈ ప్రశ్నతోనే నేను మాట్లాడదలచుకున్నాను.

ఇది వైద్య విషయం, హక్కుల పత్రికలకు, హక్కుల సభలకు దీనితో పనేమిటని కొందరు అడగవచ్చు. పని ఉన్నది. తన దేహానికి ఏమి జరుగుతున్నదో తెలిసిన స్త్రీ ప్రశ్న అడుగుతుంది. తెలియని స్త్రీ భయపడుతుంది. భయపడిన స్త్రీని చులకన చేయడం సులభం. అందులోనూ ఆమె పేదరాలైతే, బురఖాలో వచ్చినదైతే, మాట తడబడినదైతే మరింత సులభం. తెలివిడి మన మొదటి రక్షణ. కాబట్టి ముందు విద్య గురించి, తరువాత హక్కు గురించి చెబుతాను.

ప్రసవం మూడు దశలలో జరుగుతుంది. మొదటి దశలో గర్భాశయం ముడుచుకుంటూ, వదులవుతూ తన ముఖద్వారాన్ని కొంచెం కొంచెంగా తెరుస్తుంది. ఆ ద్వారం పది సెంటీమీటర్లు తెరుచుకుంటే పూర్తిగా విచ్చుకున్నట్లు లెక్క. రెండవ దశ అక్కడ మొదలై బిడ్డ పుట్టడంతో ముగుస్తుంది. మూడవ దశలో మాయ వెలువడుతుంది. ముక్కడం అన్నది రెండవ దశకు చెందిన పని. మొదటి దశలో తల్లి చేయవలసినది వేరు. నడవాలి, వంగి ఆనుకోవాలి, నీళ్లు తాగాలి, శ్వాస నిదానంగా విడవాలి, నొప్పికీ నొప్పికీ మధ్య విశ్రాంతి తీసుకోవాలి.

మన ఇళ్లలో జరిగే మొదటి పొరపాటు ఇక్కడే ఉన్నది. నొప్పులు మొదలు కాగానే పక్కనున్న పెద్దావిడ "బలం పట్టు, బలం పట్టు" అంటుంది. ఆమె ప్రేమతోనే అంటుంది. కానీ తలుపు తెరుచుకోక ముందే నెట్టితే తలుపు తెరుచుకోదు, నెట్టేవారే అలసిపోతారు. ముఖద్వారం పూర్తిగా విచ్చుకోకముందు బలవంతంగా ముక్కితే ఆ భాగం వాచిపోవచ్చు. తల్లి శక్తి అంతా అయిపోయి, అసలు అవసరమైన వేళకు ఒంట్లో సత్తువ మిగలదు. అందుచేత మొదటి పాఠం ఇది: ముఖద్వారం పూర్తిగా తెరుచుకున్నదని పరీక్షించిన నర్సమ్మో డాక్టరమ్మో చెప్పేవరకు ముక్కవద్దు. అంతకు ముందే ముక్కాలనిపిస్తే పక్కకు తిరిగి పడుకుని, దీపం ఆర్పినట్లు నోటితో చిన్న చిన్నగా గాలి వదలండి. వెంటనే నర్సును పిలవండి. ద్వారం పూర్తిగా తెరుచుకున్నదేమో ఆమె చూస్తుంది.

రెండవ పాఠం: ద్వారం తెరుచుకున్నంత మాత్రాన ఆ క్షణమే ముక్కనక్కరలేదు. కొందరికి ముక్కాలన్న కోరిక వెంటనే రాదు. బిడ్డ తల ఇంకా కిందికి దిగుతూ ఉంటుంది. తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నారని, బిడ్డ గుండె చప్పుడు బాగున్నదని చూసుకుంటున్నంతకాలం ఆ కోరిక కోసం ఆగవచ్చు. తల కిందికి దిగి మలద్వారం వైపు ఒత్తిడి కలిగినప్పుడు దొడ్డికి వస్తున్నట్లు అనిపిస్తుంది. సిగ్గుపడి చాలామంది ఆ మాట చెప్పరు. చెప్పండి తల్లీ. ఆ అనుభూతి బిడ్డ దగ్గరికి వచ్చిందన్న కబురు. ముక్కేటప్పుడు కొద్దిగా మలం రావడం కూడా సహజమే. ప్రసూతి గదిలో పనిచేసేవారికి అది నిత్యం చూసే విషయం. ఆ సిగ్గుతో బిగబట్టుకునే తల్లి తెలియకుండానే బిడ్డను వెనక్కి పట్టి ఉంచుతుంది.

మూడవ పాఠం, ముక్కే విధానం. నొప్పి అల వలె వస్తుంది. మొదలవుతుంది, పెరుగుతుంది, శిఖరానికి చేరుతుంది, తగ్గుతుంది. అల మొదలైనప్పుడు ఒకటి రెండు నిదానమైన శ్వాసలు తీసుకోండి. ముక్కాలన్న కోరిక బలపడినప్పుడు గడ్డం రొమ్ము వైపు కొద్దిగా వంచి, మలవిసర్జనకు ఏ దిక్కుకు బలం పెడతామో ఆ దిక్కుకే బలం పెట్టండి. ఎక్కువసేపు ఊపిరి బిగబట్టవద్దు. ఐదారు సెకన్లు ముక్కి, గాలి వదిలి, మళ్లీ శ్వాస తీసుకుని మళ్లీ ముక్కవచ్చు. ఒక్క నొప్పిలో ఇట్లా మూడు నాలుగు సార్లు వీలవుతుంది. ముక్కుతున్నప్పుడు మూలిగినా, గొంతులోంచి బరువైన శబ్దం వచ్చినా తప్పు లేదు. శబ్దం పైకి కీచుమని పోతే బలం గొంతులో ఖర్చయిపోతుంది. శబ్దం బరువుగా లోపలికి దిగితే బలం కిందికి దిగుతుంది. ముఖం కందగడ్డలా ఎర్రబడి కళ్లు ఉబ్బాయంటే బలం ముఖంలోనే ఆగిపోయిందని గుర్తు. దవడ, భుజాలు, తొడలు వదులుగా ఉంచండి. పళ్లు బిగించిన వారికి కటి కండరాలు కూడా బిగుసుకుంటాయి.

నొప్పి తగ్గగానే ముక్కడం ఆపండి. ఒళ్లు వదిలేసి పడుకోండి. గుక్కెడు నీళ్లు తాగండి. గర్భాశయం విశ్రాంతి తీసుకుంటున్న సమయంలోనే మాయ ద్వారా బిడ్డకు రక్తం, ప్రాణవాయువు బాగా అందుతాయి. అందువల్ల నొప్పి లేనప్పుడు ముక్కమని తొందరపెట్టడం తల్లికీ బిడ్డకూ మేలు కాదు. మూత్రాశయం నిండి ఉంటే తల కిందికి దిగడానికి అడ్డు కావచ్చు. కనుక మధ్య మధ్య మూత్రానికి వెళ్లాలి. తొలి కాన్పులో ఈ రెండవ దశ మామూలుగా మూడు గంటలలోపు, తరువాతి కాన్పులలో రెండు గంటలలోపు ముగుస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పది నిమిషాలకే "ఈమెకు చేతకాదు" అనడానికి ఆధారం లేదు.

"ఊపిరి బిగబట్టు, పది లెక్కపెట్టేదాకా వదలకు" అని అరిచే పద్ధతి మన ఆసుపత్రులలో చాలాకాలంగా ఉన్నది. అది అనాదిగా వచ్చిన శాస్త్రమేమీ కాదు. 1957లోనే ఇంగ్లండులో కాన్‌స్టన్స్ బేనన్ అనే వైద్యురాలు ఈ పద్ధతిని ప్రశ్నిస్తూ, తల్లిని తనకు తోచిన రీతిలో ముక్కనివ్వాలని వైద్య పత్రికలో వ్యాసం రాశారు. ఆ తరువాత ఉరుగ్వే దేశపు శాస్త్రవేత్త కాల్డెయ్రో బార్సియా, దీర్ఘంగా ఊపిరి బిగబట్టి ముక్కడం వల్ల బిడ్డకు అందే ప్రాణవాయువు తగ్గుతుందని హెచ్చరించారు. తరువాతి కాలంలో రెండు పద్ధతులను పోల్చిన పరిశీలనలు అరిచి ముక్కించడం వల్ల స్పష్టమైన లాభమేదీ చూపలేకపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వెలువరించిన ప్రసవ సేవల సిఫారసులలో, తల్లి తన కోరికను అనుసరించి ముక్కడానికి ప్రోత్సాహం, తోడ్పాటు ఇవ్వాలని పేర్కొన్నది. నడుముకు మత్తు ఇంజెక్షన్ తీసుకున్న తల్లికి మాత్రం ఆ కోరిక సరిగా తెలియకపోవచ్చు. ఆమెకు పక్కనున్నవారు ఎప్పుడు ముక్కాలో చెప్పాలి. చెప్పడం వేరు, గద్దించడం వేరు.

నాలుగవ పాఠం, భంగిమ. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకి కట్టడం పరీక్షించేవారికి సౌకర్యం. తల్లికి అదే ఏకైక మార్గం కాదు. పక్కకు తిరిగి పడుకోవచ్చు. వీపు ఎత్తుగా ఆనించుకుని కూర్చోవచ్చు. మోకాళ్ల మీద నిలిచి మంచాన్ని పట్టుకోవచ్చు. మోకాళ్లూ చేతులూ ఆనించి ఉండవచ్చు. గొంతుకూర్చోవచ్చు. నిటారు భంగిమలలో భూమి ఆకర్షణ కూడా తల్లికి సహాయపడుతుంది. అయితే కొన్ని భంగిమలలో రక్తస్రావం కాస్త ఎక్కువ కనబడవచ్చు గనుక దగ్గర శిక్షణ పొందినవారు ఉండాలి. భంగిమ ఎంపిక తల్లిది కావాలన్నదే ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. సమస్య లేని తల్లికి నొప్పుల వేళ తేలికైన ఆహారం, పానీయం ఇవ్వవచ్చునని కూడా ఆ సంస్థ చెప్పింది.

ఈ మాటలు వినగానే మనకు హజ్రత్ మర్యమ్ గాథ గుర్తుకు రాక మానదు. నొప్పులు ఆమెను ఖర్జూరపు చెట్టు మొదలు దగ్గరికి తీసుకువచ్చాయని, తినడానికి ఖర్జూరాలు, తాగడానికి నీరు ఆమెకు సమకూరాయని, దుఃఖించవద్దని ఆమెకు ఓదార్పు లభించిందని దివ్య ఖుర్ఆన్‌లో మనం చదువుతాము. ఆనుకోవడానికి ఒక ఆధారం, ఆహారం, నీరు, ఒక మంచి మాట. ప్రసవిస్తున్న తల్లికి నేటి ఆసుపత్రి కూడా కనీసం ఈ నాలుగూ సమకూర్చాలని మనం అడిగితే అది అతి కోరిక ఎట్లా అవుతుంది?

ఐదవ పాఠం చాలా ముఖ్యమైనది. బిడ్డ తల బయటకు కనబడి, వెనక్కి పోకుండా నిలిచినప్పుడు మంటగా, చర్మం సాగుతున్నట్లుగా అనిపిస్తుంది. అప్పుడు గట్టిగా ముక్కకూడదు. నోరు తెరిచి "హా, హా" అని చిన్న చిన్న శ్వాసలు వదులుతూ తల మెల్లగా బయటికి రానివ్వాలి. నర్సు చెప్పినప్పుడు మాత్రమే కొద్దికొద్దిగా ముక్కాలి. తల నిదానంగా వస్తే చర్మం సాగడానికి వ్యవధి దొరుకుతుంది, చీలికలు తగ్గుతాయి. ఈ దశలో వెచ్చని నీటిలో ముంచి పిండిన శుభ్రమైన బట్టను ఆ భాగానికి అదిమి పెట్టడం మేలు చేస్తుంది. ఈ ఒక్క విషయం ముందుగా తెలిసిన తల్లికి "ఇప్పుడు ఆపమ్మా" అన్న మాట అర్థమవుతుంది. తెలియని తల్లి అయోమయంలో మరింత బలంగా ముక్కుతుంది.

ఇక చేయకూడని పనులు. పొట్ట పైభాగాన్ని చేతులతో నొక్కి బిడ్డను కిందికి తోయడం ప్రమాదకరం. ఇళ్లలో కాన్పులు చేసే దాయీలు కొందరు, ఆసుపత్రులలో కూడా కొందరు ఇట్లా చేస్తారు. గర్భాశయానికీ బిడ్డకూ దెబ్బ తగలవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని సిఫారసు చేయదు. ప్రతి తొలిచూలు తల్లికీ అలవాటుగా కోత పెట్టడాన్ని కూడా సిఫారసు చేయదు. నొప్పులు పెరగడానికి ఇంట్లో ఇంజెక్షన్ వేయించుకోవడం ప్రాణాంతకం కావచ్చు. గర్భాశయం చిట్లిన తరువాత దొరవారిసత్రం నుండి పెద్దాసుపత్రికి పరుగెత్తే వ్యవధి ఉండదు. చెంప మీద కొట్టడం, తొడ మీద చరచడం, "అప్పుడు లేని నొప్పి ఇప్పుడు వచ్చిందా" వంటి మాటలు ఏ వైద్య గ్రంథంలోనూ లేవు. అవి చికిత్స కావు, అవమానం.

ఇంతవరకు చెప్పినది ఆరోగ్యంగా ఉన్న తల్లికి, సక్రమంగా తల కిందికి ఉన్న బిడ్డకు వర్తిస్తుంది. గుండె జబ్బు, తీవ్రమైన రక్తపోటు, తీవ్ర రక్తహీనత, ఎదురుకాళ్ల బిడ్డ, కవలలు, గతంలో ఆపరేషన్ జరిగిన గర్భం ఉన్నవారు ముందుగానే డాక్టరుతో మాట్లాడుకోవాలి, పెద్దాసుపత్రిలోనే కాన్పు జరిగేటట్లు చూసుకోవాలి. రక్తం పోతున్నా, ఉమ్మనీరు ఆకుపచ్చగా వచ్చినా, ఫిట్స్ వచ్చినా, తీవ్రమైన తలనొప్పితో కళ్లు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా ఒక్క నిమిషం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి. ముక్కడం ఎంత బాగా నేర్చుకున్నా కొందరికి ఆపరేషన్ తప్పదు. వారు ఓడిపోయినట్లు కాదు. "మా కోడలికి ముక్కడం రాలేదు" అనే మాట ఏ అత్తగారి నోటా రాకూడదు.

అయితే మన రాష్ట్రంలో ఆపరేషన్లన్నీ తప్పనిసరివేనా అన్నది అడగవలసిన ప్రశ్న. 2019–21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారా జరుగగా, ఆంధ్రప్రదేశ్‌లో అది 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. మన రాష్ట్రంలో ప్రయివేటు ఆసుపత్రులలో జరిగిన కాన్పులను మాత్రమే తీసుకుంటే 63 శాతం ఆపరేషన్లే. స్త్రీల శరీర నిర్మాణం రాష్ట్ర సరిహద్దు దాటగానే మారదు గదా! ఈ తేడాకు కారణాలు అనేకం. వైద్యుల తొందర ఉన్నది, లాభాపేక్ష ఉన్నది, కుటుంబాల భయం కూడా ఉన్నది. "నొప్పులు పడలేదు, కోసేయండి" అని అడిగే బంధువులు కూడా ఉన్నారు. ఆ భయాన్ని తగ్గించే మందు ప్రసవ విద్య. ఆపరేషన్ కోసం చేసిన అప్పు ఎన్నేళ్లు తీరదో రోజు కూలితో బతికే మన కుటుంబాలకు నేను చెప్పనక్కరలేదు.

తెలంగాణలో ఒక మంచి ప్రయత్నం జరిగింది. డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ నేతృత్వంలోని హైదరాబాదు ఫెర్నాండెజ్ సంస్థ, ఆ రాష్ట్ర ప్రభుత్వంతో, యూనిసెఫ్‌తో కలిసి 2017లో కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. సాధారణ కాన్పును తల్లి గౌరవం చెడకుండా నడిపించే నిపుణులను తయారుచేయడం ఆ శిక్షణ ఉద్దేశం. 2018లో కేంద్ర ప్రభుత్వం కూడా మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు వెలువరించింది. మంచి దాయి మన పూర్వుల ఇంటి మనిషి. ఆమె ఓర్పునూ నేటి శాస్త్రాన్నీ ఒక్కచోట చేర్చడమే మిడ్‌వైఫరీ. మన ప్రాంతపు ఆసుపత్రులకు కూడా అటువంటి నిపుణులు కావాలని మనం అడగాలి.

ఇప్పుడు హక్కుల విషయానికి వస్తాను.

మొదటిది, తోడు. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు సమయంలో తల్లి పక్కన ఒక తోడు మనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2016లో నిర్ణయించింది. కాన్పు అనుభవం ఉన్న ఆడ బంధువు అయితే మేలు. ఆమెకు అంటురోగాలు ఉండకూడదు, శుభ్రమైన బట్టలు ధరించాలి, వైద్య సిబ్బంది పనికి అడ్డు రాకూడదు. ఇతర తల్లుల మరుగుకు భంగం కలగని ఏర్పాటు ఉన్నచోట భర్తను కూడా అనుమతించవచ్చు. "లోపలికి ఎవరూ రాకూడదు" అని ద్వారం దగ్గర ఎవరైనా అంటే, ఈ నిర్ణయాన్ని మర్యాదగా గుర్తుచేయండి. తోడుగా వెళ్లే అమ్మకు, అక్కకు, ఖాలాకు కూడా నేను పైన చెప్పిన ఐదు పాఠాలు తెలిసి ఉండాలి. నడుము రాయడం, నీళ్లు పట్టడం, "బాగా చేస్తున్నావమ్మా" అనడం ఆమె పని. అరవడం ఆమె పని కాదు.

రెండవది, మరుగు. తెర కట్టమని అడగడం, అనవసరంగా జనం రావద్దని కోరడం, వీలున్నచోట స్త్రీ వైద్యులే పరీక్షించాలని అడగడం ఛాందసం కాదు. ఈ అవసరాన్ని పరాయి పాలకులే గుర్తించారు. 1885లో మద్రాసులో మేరీ షార్లీబ్ అనే వైద్యురాలి కృషితో ప్రారంభమైన ఆసుపత్రి గోషా స్త్రీల కోసం ఏర్పడినది. నేడు దాని పేరు కస్తూర్బా గాంధీ ఆసుపత్రి అయినా, మన వైపు నుండి చెన్నైకి వెళ్లే పెద్దవాళ్లు ఇప్పటికీ గోషా ఆసుపత్రి అనే అంటారు. విశాఖపట్నంలోని ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రిని కూడా జనం ఘోషా ఆసుపత్రి అనే పిలుస్తారు. మరుగు ముస్లిం స్త్రీకి మాత్రమే కావలసినది కాదు, ప్రతి స్త్రీకీ కావలసినదే. మనం తెర అడిగితే ఆ తెర వెనుక అందరి ఆడబిడ్డలూ క్షేమంగా ఉంటారు. అదే సమయంలో మనవారికి ఒక మాట. స్త్రీ డాక్టరు లేరన్న కారణంతో ప్రాణాపాయంలో ఉన్న తల్లిని ఆపకండి. ప్రాణరక్షణ అన్నింటికంటే ముందు.

మూడవది, ఖర్చు. 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో సాధారణ కాన్పే కాదు, సిజేరియన్ కూడా ఉచితం. మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం, ఉన్నన్నాళ్లు ఆహారం, ఇంటి నుండి రాకపోకలు ఉచితం. బిడ్డను చేతికి ఇవ్వడానికి ఎవరైనా డబ్బు అడిగితే అది ఆచారం కాదు, లంచం.

నాలుగవది, అన్నింటికీ పునాది అయినది, జీవించే హక్కు. ఢిల్లీలో ఒక నిరుపేద ముస్లిం యువతి, ఆసుపత్రి సేవలు దక్కక, అందరూ చూస్తుండగా చెట్టు కింద ప్రసవించింది. ఆమె తల్లి న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. ప్రసవానంతరం మరణించిన మరొక పేద స్త్రీ తరఫున వేసిన వ్యాజ్యంతో కలిపి విని, 2010 జూన్‌లో జస్టిస్ మురళీధర్ తీర్పు చెప్పారు. ఆరోగ్య హక్కు, మాతృత్వానికి సంబంధించిన హక్కు రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని ఢిల్లీ హైకోర్టు స్పష్టం చేసింది. ఒక నిరుపేద తల్లి తన కూతురి కోసం న్యాయస్థానం మెట్లెక్కింది. చదువుకున్న మనం ఒక వినతి పత్రం రాయలేమా?

మన పక్కనే నేలపట్టు ఉన్నది. ఏటా చలికాలంలో గూడబాతులు వచ్చి అక్కడి కడప చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను పొదుగుతాయి. వాటి దగ్గర గట్టిగా మాట్లాడవద్దని, అలజడి చేయవద్దని వచ్చినవారికి చెబుతారు. ఊరివారు తరాలుగా వాటిని కాపాడుతున్నారు. గుడ్డు పొదిగే పక్షికి ఇచ్చే ఆ నిశ్శబ్దాన్ని, ఆ మన్ననను బిడ్డను కనే తల్లికి కూడా ఇమ్మని అడుగుతున్నాము. అంతకంటే ఎక్కువ ఏమీ కాదు.

చివరగా, ఈ విద్యను ఎక్కడ, ఎట్లా నేర్పాలి? మనకు కొత్త వేదికలు అవసరం లేదు. జాఫర్ షరీఫ్ రచనను హెర్‌క్లాట్స్ 1832లో ఇంగ్లీషులో వెలువరించిన 'ఖానూనె ఇస్లాం'లో దక్కను ముస్లింల ఇళ్లలో ఏడవ నెలలో జరిగే సత్వాసా వేడుక వర్ణన ఉన్నది. ఆ గ్రంథకర్త మన ఏలూరు ప్రాంతం వాడే. రెండు వందల ఏళ్లుగా ఏడవ నెలలో ఆడవాళ్లందరూ ఒకచోట చేరే అలవాటు మనకున్నది. చీర, పూలు, మిఠాయి ఇచ్చే ఆ రోజున ఒక గంట సమయం ఈ పాఠానికి కూడా ఇవ్వండి. ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎం అమ్మనో పిలవండి. శ్వాస ఎట్లా విడవాలో, పక్కకు ఎట్లా తిరగాలో, ఎప్పుడు ఆపాలో ఆ పిల్ల చేత చేయించి చూపించండి. శ్వాసను, భంగిమలను అభ్యాసం చేయవచ్చు గాని, నెలలు నిండకముందు ఇంట్లో నిజంగా ముక్కి చూడకూడదు.

ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణీలకు ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద పరీక్షలు జరుగుతాయి. ఆ రోజు పరీక్షకు వేచి ఉండే సమయంలోనే పది నిమిషాల పాఠం చెప్పవచ్చు. తెలుగులో చెప్పిన పాఠాన్ని మన పిల్లలలో ఎవరైనా ఉర్దూలో కూడా చెబితే, సులూరుపేట వైపు తమిళం మాట్లాడే తల్లులకు తమిళంలో చెబితే, ఎవరూ మిగిలిపోరు.

ఇక్కడున్న సోదరులకు ఒక మాట. ఇది ఆడవాళ్ల విషయమని లేచి వెళ్లకుండా కూర్చున్నందుకు కృతజ్ఞతలు. ఆటో ఏర్పాటు, రక్తదాతల జాబితా, నెలవారీ పరీక్షలకు భార్యను తీసుకువెళ్లడం మీ బాధ్యతలు. కాన్పు ఏ ఆసుపత్రిలో అన్నది ఎనిమిదో నెలలోనే ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకోండి. జుమా నమాజు తరువాత మసీదు కమిటీలు ఐదు నిమిషాలు దీని గురించి మాట్లాడితే మా వందల సభలకు సమానం.

కార్యకర్తలకు మూడు పనులు చెప్పి ముగిస్తాను. ఒకటి, మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, ప్రసూతి గదిలో తెర ఉన్నదా, తోడు మనిషిని అనుమతిస్తున్నారా, ఆ నిర్ణయం గోడ మీద తెలుగులో రాసి ఉన్నదా చూడండి. లేకపోతే వైద్యాధికారికి రాతపూర్వకంగా అడగండి. రెండు, సిబ్బందిని శత్రువులుగా చూడకండి. ఒక్క నర్సు నలుగురు తల్లులను చూసుకునే రాత్రులు నాకు తెలుసు. వారికి మనుషులు తక్కువైతే మనుషులు కావాలని వారితో కలిసి మనమూ అడగాలి. మూడు, మీ వీధిలో ఏడవ నెల దాటిన ప్రతి ఆడబిడ్డ ఇంటికీ ఒకసారి వెళ్లండి. కులం, మతం చూడకండి.

ఈ సభ నుండి ఇంటికి వెళ్లిన తరువాత, మీ ఇంట్లో, మీ పక్కింట్లో గర్భంతో ఉన్న బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఈ ఐదు పాఠాలు చెప్పండి. రేపు ప్రసూతి గదిలో ఎవరైనా "ముక్కమ్మా" అన్నప్పుడు, ఎప్పుడు, ఎట్లా అన్నది ఆమెకు ముందే తెలిసి ఉండాలి. అల్లాహ్ ప్రతి తల్లి కాన్పును సులభం చేయుగాక. ఆమీన్.